పొట్ట చెప్పిన తడి

కొండ దిగువన ఉన్న బంగళాలోంచి మనుషులు ఎప్పుడు వెళ్ళిపోయారో, ఎందుకు వెళ్ళిపోయారో ఎవరికీ తెలీదు. పోతూ పోతూ తలుపులకి తాళాలు మాత్రం వేసుకుపోయారు. తోటకి తాళం వెయ్యడం ఎవరి తరం? అలా తోట జంతువుల పాలైంది. ముందు వైపు పచ్చటి గడ్డి, దాని చుట్టూ కనకాంబరాలు, నందివర్ధనాలు, వెనక వైపు జామ, దానిమ్మ, సీతాఫలం. కొండ మీది ఊటనీళ్ళు ఒక గొట్టంలో జారి వచ్చి తోట మెరకన ఉన్న తొట్టిలో పడేవి. తొట్టికి ఒక వాల్వు. కొమ్ముతో ఇటు తోస్తే నీళ్ళొస్తాయి, అటు తోస్తే ఆగిపోతాయి.

ఆ తోటకి మాలి ఎవరయ్యా అంటే కర్రెన్న. కర్రెన్న ఎవరయ్యా అంటే దున్నపోతు. నవ్వకండి. నవ్వాల్సినవాళ్ళు అప్పుడే నవ్వేశారు, మేకలైతే నేల మీద పడి దొర్లాయి. పాపం వాడు ఆ ఉద్యోగం కోరి రాలేదు. ఊళ్ళో అమ్మవారి జాతరకి తనని మొక్కేశారని తెలిసి, నుదుటి పసుపు ఆరకముందే పలుపు తెంపుకుని పరిగెత్తుకొచ్చాడు. తోటకి పెద్దదిక్కయిన పుల్లావు వాణ్ణి చూసి కరిగిపోయింది.

"ఉండు నాయనా. కానీ నీది చెరువంత పొట్ట. ఊరికే మేపితే తక్కినవాళ్ళు ఊరుకోరు. తోటకి నీళ్ళు పెట్టు. తోట పచ్చగా ఉన్నన్నాళ్ళూ నీకిక్కడ నీడ. ఎండిందా, ఉన్న గడ్డి మాకే చాలదు, నీ దారి నువ్వు చూసుకోవాల్సిందే."

ఆ దారి ఎటు పోతుందో కర్రెన్నకి తెలుసు. వెనక బోడికొండ, ముందు ఊరు. ఊళ్ళో జాతర ఇంకా కాలేదు.

అందుకని వాడు ప్రాణం పెట్టి నీళ్ళు పెట్టాడు. కొమ్ములతో కాలవలు తీశాడు, మడులు కట్టాడు, వాల్వు తోసి నీళ్ళు వదిలాడు. అయితే ఏ మడికి నీళ్ళు చాలాయో, ఏ మడికి చాల్లేదో చూడ్డానికి వాడిదొక పద్ధతి. మడి పక్కన బోర్లా పడుకుని పొట్ట నేలకి ఆనిస్తాడు. చల్లగా తగిలితే చాలినట్టు. వేడిగా తగిలితే ఇంకాస్త. బురదలో పుట్టి బురదలో పెరిగిన జాతికి పొట్ట కంటే నమ్మకమైన సాక్షి ఇంకెవరుంటారు? కాలవ నీళ్ళు నెమ్మదిగా లోపలికి ఇంకేవి గనక ఆ సాక్షి అప్పటిదాకా అబద్ధం చెప్పలేదు. తోట పచ్చగానే ఉంది.

అంతలో ఎండాకాలం ముదిరింది. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఏడు రోళ్ళే కాదు, చూస్తున్నవాళ్ళ గుండెలూ పగిలాయి. కొండ మీది ఊట సన్నబడింది. తొట్టి సగానికి మించి నిండటం మానేసింది. వదిలిన నీళ్ళల్లో సగం కాలవలే తాగేస్తున్నాయి, మిగిలిన సగం చివరి చెట్టు దాకా వెళ్ళేలోపు ఎండ తాగేస్తోంది.

"మృగశిర చినుకు పడేదాకా లాక్కురా నాయనా" అంది పుల్లావు.

"ఎలా పెద్దమ్మా?"

"అది తెలిస్తే నేనే మాలినయ్యేదాన్ని."

ఇక సలహాలు మొదలయ్యాయి. ఊరికే దొరికేవి అవొక్కటే కదా. గడ్డం మేక వచ్చి, "బావా, గడ్డికి పెట్టు. గడ్డే తోట. చెట్లు అవే బతుకుతాయి" అంది. అది గడ్డి తినే నోరు. చిలకలు దిగివచ్చి, "గడ్డిదేముంది, ఎండినా మళ్ళీ మొలుస్తుంది, జామకి పెట్టు" అన్నాయి. అవి జామ తినే నోళ్ళు. కర్రెన్న అందరికీ తల ఊపాడు. పొద్దున గడ్డికి, మధ్యాహ్నం జామకి, సాయంత్రం పూలకి కాలవ తిప్పాడు. మర్నాడు ఆ వరస తలకిందులు చేశాడు. దేనికీ నీళ్ళు చాల్లేదు. రాత్రి పడుకుంటే వాడి బుర్రలో కాలవలు ఒకదానికొకటి అడ్డంపడేవి.

ఊరక రారు మహానుభావులు. ఒకనాడు కంచె సందులోంచి నక్క చలమయ్య దూరి వచ్చాడు. నోట్లో ఒక దోసకాయ. లేతది, నిగనిగలాడుతోంది. తెచ్చి కర్రెన్న ముందు పెట్టాడు.

"తిను అల్లుడూ. చిక్కిపోయావు."

కర్రెన్నని చిక్కిపోయావన్నవాడు పుట్టాక అతనొక్కడే. వాడికి కళ్ళనీళ్ళు తిరిగాయి. దోసకాయ కరకర నమిలి, కష్టమంతా చెప్పుకున్నాడు.

"ఓస్, ఇంతేనా!" అన్నాడు చలమయ్య. "వెనక కొట్టంలో ఏమున్నాయో ఎప్పుడైనా చూశావా?"

చూశాడు. అర్థం కాక వచ్చేశాడు. మనుషులు వదిలేసిన సామాను అది. ఒక మూల నిలబెట్టే గొట్టాలు, వాటి నెత్తిన తిరిగే మూతులు. అవి స్ప్రింక్లర్లు. ఇంకో మూల పాముల్లా చుట్టలు చుట్టిన నల్లటి సన్న పైపులు, పొడుగునా సూదిమొన లాంటి చిల్లులు. అవి డ్రిప్పు పైపులు.

"ఏది మంచిది మావా?"

చలమయ్య డ్రిప్పు చుట్టని కాలితో తన్నాడు. "ఇదా? జలుబు చేసిన ముసలాడి ముక్కులా బొట్టు బొట్టు కారుతుంది. ఎవడికి కనపడుతుంది? రేపు పుల్లావు వచ్చి, ఏరా నీళ్ళు పెట్టావా అంటే ఏం చూపిస్తావు? అదే స్ప్రింక్లరనుకో, వాన! నువ్వు కురిపించిన వాన! తోటంతా చూస్తుంది."

"నీళ్ళు చాలతాయా?"

"నన్నడుగుతావేం? నీ పొట్టనడుగు."

కర్రెన్నకి ఆ మాట చాలా న్యాయంగా తోచింది.

చలమయ్య దగ్గరుండి అన్నీ నిలబెట్టించాడు. గొట్టాలన్నీ తూర్పు కంచె వారనే పెట్టించాడు. "అక్కడే ఎందుకు మావా" అంటే "వాస్తు" అన్నాడు. మూతులన్నీ ఎత్తి ఆకాశం వైపు తిప్పాడు. "మిట్టమధ్యాహ్నం వదులు. దాహం ఎప్పుడేస్తుంది? ఎండలో. నీళ్ళెప్పుడియ్యాలి? దాహమేసినప్పుడు" అన్నాడు. దీంట్లో తప్పు ఎక్కడుందో కర్రెన్న చాలాసేపు వెతికాడు. దొరకలేదు.

మర్నాడు మధ్యాహ్నం వాల్వు తోశాడు. అబ్బ, ఏం వైభోగం! నీళ్ళు గిర్రున తిరుగుతూ పైకి లేచాయి, ఎండలో తళతళా మెరిశాయి. మేకపిల్లలు తడుస్తూ గెంతాయి. "ఎండా వానా! ఎండా వానా! నక్కకి పెళ్ళి!" అని అరిచాయి. చలమయ్య సిగ్గుపడ్డట్టు తోక నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పుల్లావు కూడా వచ్చి చూసి, "భేష్ రా" అంది. కర్రెన్న ఆ వానలో నిలబడి మురిసిపోయాడు. దున్నపోతు మీద వాన కురిస్తే దానికేం పట్టదంటారు గాని, వీడికి పట్టింది. పుట్టి బుద్ధెరిగాక తనని ఎవరైనా భేష్ అనడం అదే మొదటిసారి.

వాన ఆగాక మడి పక్కన పడుకుని పొట్ట ఆనించాడు. చల్లగా ఉంది.

ఇక రోజూ అదే తంతు. మధ్యాహ్నం వాన, ఆ తర్వాత పొట్ట, పొట్ట చల్లన. సాయంత్రం చలమయ్య దోసకాయ తెస్తాడు, ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటారు. అంతా బాగానే ఉంది, తోట తప్ప.

ముందు జామాకులు వాడాయి. తర్వాత దానిమ్మ పిందెలు రాలాయి. గడ్డి ఒక చోట పచ్చగా, నాలుగడుగుల అవతల ఎండుగా, జబ్బుచేసిన కుక్క వీపులా తయారైంది. కర్రెన్న పరిగెత్తి జామ కింద పడుకున్నాడు. పొట్ట చల్లగా ఉందంది. లేచి ఆకు చూశాడు. ఆకు దాహమంది. మళ్ళీ పడుకున్నాడు. చల్లన. మళ్ళీ లేచాడు. వాడిన ఆకు. అలా లేస్తూ పడుకుంటూ ఉంటే చిలకలు, "ఏంటి మాలీ, దండాలు పెడుతున్నావా?" అన్నాయి.

"మావా, ఇదేంటి? నేల తడిగానే ఉంది, చెట్టు ఎండిపోతోంది" అన్నాడు ఆ సాయంత్రం.

"చాల్లేదన్నమాట. ఇంకాసేపు వదులు."

ఇంకాసేపు వదిలాడు. తొట్టి అడుగు కనపడింది. జామ కొమ్మ ఒకటి నిలువునా ఎండింది. కర్రెన్నకి ఊరి వైపు నుంచి డప్పులు వినపడటం మొదలెట్టాయి. జాతరకి ముందు అలా వాయించి చూసుకుంటారు. డప్పు మోగినప్పుడల్లా వాడి మెడ మీది చర్మం జలదరించేది.

తొట్టి అడుగంటిన సంగతి పుల్లావుకి తెలిసింది. తోటనంతా జామ చెట్టు కింద పోగుచేసింది.

"ఏరా కర్రెన్నా, నీళ్ళన్నీ ఏమయ్యాయి?"

కర్రెన్న నోరు తెరిచేలోపు చలమయ్యే ముందుకొచ్చి, నక్కవినయాలు పోతూ, "పెద్దమ్మా, వాణ్ణేమీ అనకండి. ఇది పందికొక్కు పని. నేల కింద గొట్టాలు కొరికేసింది. నీళ్ళన్నీ దాని బొక్కలోకి పోతున్నాయి" అన్నాడు.

"అదే! అదే!" అంది గడ్డం మేక. దున్నపోతు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నట్టు, గొట్టం చూసినవాడు లేడు, కొరుకుడు చూసినవాడు లేడు, అందరూ పందికొక్కు మీద పడ్డారు. పందికొక్కు బొద్దమ్మ మామూలుది కాదు. మీసాలు నిక్కబొడుచుకుని బొక్కలోంచి బయటికొచ్చింది.

"నోళ్ళు కుళ్ళిపోను! నా బొక్కలోకి నీళ్ళా? రండి, చూడండి. దుమ్ము తప్ప తడి లేక నా పిల్లలు తుమ్మి తుమ్మి చస్తున్నారు. నేల కింద తడి ఉంటే నాకెందుకీ ఖర్మ?"

"తడి ఉందక్కా" అన్నాడు కర్రెన్న బిక్కమొహం వేసి. "నేను రోజూ పొట్ట ఆనించి చూస్తున్నాగా."

"నీ పొట్ట నా బొక్కలోకి పడుతుందా? ఏదీ, నీ కొమ్ము దింపు ఇక్కడ."

కర్రెన్న జామ మొదట్లో కొమ్ము దింపాడు. బలంగా దింపాడు. బయటికి లాగితే కొమ్ము మొదట్లో ఒక వేలెడు బురద అంటుకుని ఉంది. అక్కణ్ణించి మొన దాకా పొడి దుమ్ము. ఆ దుమ్ము గాలికి ఎగిరిపోయింది.

అందరూ చూశారు. కర్రెన్న ఎక్కువసేపు చూశాడు. వాడి మనసు చివుక్కుమంది. మేకలు నవ్వితే ఓర్చుకున్నాడు, ఊరు తరిమితే ఓర్చుకున్నాడు. సొంత పొట్ట తనని మోసం చేస్తుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"పైన తడి, కింద పొడి" అంది పుల్లావు నెమ్మదిగా. "అంటే ఈ వాన చెట్టుకి అందనే లేదు. చూడు నాయనా, మాటంటే మాటే. ఉన్న గడ్డి దూడలకే చాలదు. రేపు పొద్దున..."

ఆవిడ పూర్తి చెయ్యలేదు. చెయ్యక్కర్లేదు కూడా. దూరంగా డప్పులు మోగుతూనే ఉన్నాయి.

కర్రెన్న తల వంచుకున్నాడు. "వెళ్తాను పెద్దమ్మా. వెళ్ళేముందు ఒక్క సంగతి అర్థం చేసుకుని పోతాను. నా బుర్ర మందం, విసుక్కోకండి. తొట్టిలో నీళ్ళున్నాయి, నేను వదిలాను. బొక్కలోకి పోలేదు. వేరుకి పోలేదు. మరి ఎటు పోయాయి?"

"ఎండకి ఆవిరైపోయి ఉంటాయి" అన్నాడు చలమయ్య గబుక్కున.

"కొన్ని అయ్యుంటాయి మావా. మధ్యాహ్నమే వదలమన్నావు కదా" అన్నాడు కర్రెన్న. వాడికి వెటకారం తెలీదు, ఉన్నమాట అన్నాడు అంతే. "ఇంకొకటి కూడా అర్థం కావట్లేదు. ఈ చుట్టుపక్కల పచ్చటి ఆకే లేదు. నువ్వు రోజూ నాకు దోసకాయ తెస్తావు. నీళ్ళూరే దోసకాయ. అది నీళ్ళెక్కడ తాగుతోంది మావా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చలమయ్య గబగబా మూతి తుడుచుకున్నాడు. మూతికి ఒక దోసగింజ అంటుకుని ఉంది.

"వాగులో... వాగు ఇసకలో..."

"వాగు ఎండి ఎన్నాళ్ళయింది!" అని చిలకలు ఒక్కసారి లేచి తూర్పు కంచె మీదికి ఎగిరాయి. అక్కణ్ణించి గోల పెట్టాయి. అందరూ వెళ్ళి కంచె సందుల్లోంచి తొంగిచూశారు.

కంచెకి అవతల, పల్లంలో, దోసపాదు. ఎంత పాదు! తీగలు తీగలుగా అల్లుకుని, ఆకులు అరచేతులంత, కాయలు పిల్లల్లా వరసగా పడుకుని. సరిగ్గా అప్పుడే పడమటి గాలి విసిరింది. కర్రెన్న మొహం మీంచి, స్ప్రింక్లర్ల మీంచి, కంచె మీంచి దోసపాదు మీదికి పోయింది. తను కురిపించిన వాన ఎటు ఎగిరి పోయిందో దున్నపోతుకి అప్పుడర్థమైంది. ఆకాశం వైపు తిప్పిన మూతులు ఎందుకో, తూర్పు కంచె వాస్తు ఎందుకో కూడా అర్థమైంది. ఇక్కడ పడ్డదల్లా పై తుంపరే. వాన లేనప్పుడు తెచ్చిన ఆ మొదటి దోసకాయ, పాత కాలవల్లోంచి పల్లానికి ఇంకిన తడికి కాసిందన్నమాట.

వెనక్కి తిరిగి చూస్తే చలమయ్య లేడు. కంచె సందులో తోక కొస మాత్రం కనపడి మాయమైంది.

"పట్టుకోండి!" అంది మేక.

"వాణ్ణి పట్టుకుని ఏం చేస్తాం? ముందు నీళ్ళని పట్టుకోవాలి" అంది బొద్దమ్మ. "ఒరే పెద్దపొట్టా, ఆ నల్ల పైపులు ఇలా లాక్కురా. వాటి చిల్లులు నేను చూస్తాను. ఒక్క షరతు, చివరి బొట్టు నా బొక్క గుమ్మంలో పడాలి."

పుల్లావు కర్రెన్న వైపు చూసింది. కర్రెన్న పుల్లావు వైపు చూశాడు.

"రేపు పొద్దున అన్నాను" అంది ఆవిడ. "రేపు పొద్దున నీళ్ళు పెట్టు అనబోయాననుకో."

ఆ సాయంత్రమే డ్రిప్పు పైపులు చెట్ల మొదళ్ళ చుట్టూ, పూలమొక్కల వెంట పరిచారు. చిల్లుల్లో మట్టి కూరుకుపోయి ఉంటే బొద్దమ్మ మీసంతో పొడిచి తీసింది. స్ప్రింక్లర్లని కంచె దగ్గర్నించి పీకి గడ్డి మధ్యలో పెట్టి, మూతులు కిందికి దించారు. గడ్డికి పైతడి చాలు, చెట్టుకి లోతడి కావాలి, రెంటికీ ఒకే మందు పనికిరాదని కర్రెన్నకి తెలిసింది. తెలిసిందనుకున్నాడు, మళ్ళీ మరిచిపోయి బొద్దమ్మని అడిగాడు, మళ్ళీ తిట్లు తిన్నాడు. గాలి లేవకముందే, తెల్లారుతుండగా వాల్వు తొయ్యాలన్నది మాత్రం మరిచిపోలేదు.

బొట్టు బొట్టు కారింది. చూడ్డానికి ఏమీ లేదు. మేకపిల్లలు గెంతలేదు, ఎవరూ భేష్ అనలేదు. కర్రెన్న రోజూ పైపు వెంట ముక్కు ఆనించుకుంటూ నడిచేవాడు. పూడిన చిల్లు కనపడితే ఊదేవాడు, మేక తొక్కి తెగిన చోట తీగతో కట్టేవాడు, మూడు పూటలా జామ మొదట్లో కొమ్ము దింపి మొన చూసేవాడు. ఒక పొద్దున కొమ్ము మొనకి తడిమట్టి అంటుకుని వచ్చింది. వాడు దాన్ని తుడుచుకోకుండా సాయంత్రం దాకా తోటంతా తిరిగాడు. ఎండిన కొమ్మ పక్కన చిగురు వేసింది.

ఇక చలమయ్య సంగతి. మేకపిల్లలు సరదాకి అరిచిందే నిజమైంది, నక్కకి నిజంగానే పెళ్ళి కుదిరింది. "మా ఇంట దోసకాయల విందు" అని వియ్యాలవారికి గొప్పలు చెప్పుకున్నాడు. కొండ అవతల నుంచి మగపెళ్ళి, ఆడపెళ్ళి నక్కలన్నీ దిగాయి. అప్పటికి ఎగిరొచ్చే వాన ఆగిపోయి దోసపాదు వాడిపోయి ఉంది. కాయలు మాత్రం ఉన్నాయి. పెళ్ళికూతురి తండ్రి ఒకటి కొరికాడు. నీళ్ళు చాలని దోసకాయ ఎలా ఉంటుందో తెలుసుగా, కాకరకాయ నయం. ఆయన మొహం మెలికలు తిరిగింది. తుపుక్కున ఉమ్మి, "మా పిల్లకి జీవితాంతం ఈ చేదేనా!" అని పిల్లని వెంటబెట్టుకుని కొండెక్కేశాడు.

ఆ రోజే ఊళ్ళో జాతర. డప్పులు హోరెత్తాయి. కర్రెన్న జామ నీడలో బోర్లా పడుకుని వింటున్నాడు. గుండె దడదడలాడుతూనే ఉంది, కాని కాళ్ళు లేచి పరిగెత్తలేదు. ఆకు మీద టప్‌మని ఒక చినుకు పడింది. ఆ వెనక ఇంకోటి. మృగశిర.

"అక్కా" అన్నాడు కాసేపటికి, బొక్క వైపు తిరిగి. "అన్నీ అర్థమయ్యాయి గాని ఒక్కటి అవలేదు. నా పొట్ట నాకెందుకు అబద్ధం చెప్పింది?"

"అబద్ధం చెప్పలేదురా మొద్దూ" అంది బొద్దమ్మ లోపల్నించి. "అది తనకి తగిలిందే చెప్పింది. నువ్వు వేరుని అడగాల్సింది పోయి పొట్టనడిగావు."

కర్రెన్న లేచి, వాన పడుతున్నా సరే, కొమ్ము దింపి చూశాడు.

పైతడికి మురిసిపోతే వేరు ఎండిపోతుంది.